ఉన్మాదానికి నాలుగో హేతువు: తెలుగు ప్రేక్షకుడు చూసిన మతిభ్రమణం, ఆర్మూరు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉన్మాదమనే వ్యభిచారిభావానికి నాట్యశాస్త్రం ఇష్టజన వియోగం, విభవనాశం, అభిఘాతం, వాత పిత్త శ్లేష్మాల ప్రకోపం అనే హేతువులను చెప్పింది. తెలుగు తెర మీది పిచ్చి వీటిలో మొదటిదాన్నీ మూడోదాన్నీ విస్తారంగా వాడుకుంది, చివరిదాన్ని దాదాపు విడిచిపెట్టింది. 'యోగి వేమన' (1947) మొదలు 'చి.ల.సౌ.' (2018) వరకు ఎంపిక చేసిన నేరు, అనువాద చిత్రాల ఆధారంగా ఈ విడిచిపెట్టడం ఎలా జరిగిందో, నిజామాబాదు జిల్లాలో 2015లో కనిపించిన కల్లు సంబంధిత మతిభ్రమణం నేపథ్యంలో దాని పర్యవసానమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉన్మాదం, వ్యభిచారిభావాలు, తెలుగు సినిమా, మానసిక వ్యాధి, ఎర్రగడ్డ, కల్తీ కల్లు, ఆర్మూరు.

1. ఉపోద్ఘాతం

ఆర్మూరులో డిగ్రీ విద్యార్థులకు రసప్రకరణం బోధిస్తున్నప్పుడు ముప్పై మూడు వ్యభిచారిభావాల దగ్గర తరగతి కొంత మందగిస్తుంది. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ అని వరుసగా చెప్పుకుంటూ పోతే విద్యార్థులు రాసుకుంటారు, అంతే. అందుకని ఒక్కో భావానికి వారికి తెలిసిన సినిమా నుంచి ఉదాహరణ అడగడం నాకు అలవాటు. ఉన్మాదం దగ్గరికి వచ్చేసరికి తరగతిలో ఉత్సాహం వచ్చింది. 'అపరిచితుడు' అన్నారు, 'చంద్రముఖి' అన్నారు, ఒకరు లేచి జ్యోతిక కళ్ళు తిప్పినట్టు తిప్పి చూపించారు. నవ్వులు తగ్గాక, చివరి బల్ల దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, కల్లు బంద్ జేసినప్పుడు మా నాయనమ్మ గట్లనే జేసింది. ఊకె నవ్వుడు, ఏడ్సుడు, లేని మనుషులతోని మాట్లాడుడు. అది గూడ ఉన్మాదమేనా?"

ఆమె చెప్పిన లక్షణాలు నేను అప్పుడే నల్లబల్ల మీద రాసిన అనుభావాలే. కారణరహితమైన నవ్వు, ఏడుపు, అసంబద్ధ ప్రలాపం. అయినా తరగతిలో ఎవరికీ అది ఉదాహరణగా తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తోచలేదు. ఉన్మాదమంటే దాని వెనుక ఒక కథ ఉండాలని, ఆ కథలో ఒక ప్రేయసో, ఒక హత్యో, ఒక మూసిన గదో ఉండాలని మేమంతా ముందే నమ్మి కూర్చున్నాం. ఆ ముసలమ్మ వెనుక అటువంటి కథ లేదు. రోజూ సాయంత్రం తాగే రెండు సీసాల కల్లు మాత్రమే ఉంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది. ఇందులో తెలుగు చిత్రాలతోపాటు తెలుగులోకి అనువాదమైన తమిళ చిత్రాలను కూడా తీసుకున్నాను. నిర్మాణ చరిత్ర రాసేవారికి అవి వేరు కావచ్చు. చూసినవారి చరిత్ర రాసేటప్పుడు వాటిని విడదీయడం కుదరదు. ఆర్మూరు ప్రేక్షకుడికి విక్రమ్, జ్యోతిక పరాయివాళ్ళు కారు.

2. భరతుడు చెప్పిన హేతువులు

నాట్యశాస్త్రంలోని భావాధ్యాయం ఉన్మాదాన్ని వర్ణించిన తీరు గమనింపదగినది. విభావాలలో మొదట ఇష్టజన వియోగం, విభవనాశం, అభిఘాతం వస్తాయి. ఇవి మూడూ బయటినుంచి వచ్చిపడే సంఘటనలు. వాటి పక్కనే, ఏ భేదమూ చూపకుండా, వాత పిత్త శ్లేష్మాల ప్రకోపం వస్తుంది. ఇది సంఘటన కాదు, శరీరంలో జరిగే మార్పు. ప్రియురాలు పోయినా మతి చలించవచ్చు, ఏమీ పోకపోయినా దేహధర్మం తప్పి మతి చలించవచ్చు అని నాటకశాస్త్రకారుడే అంగీకరించాడన్నమాట. అనుభావాలు ఇంకా స్పష్టం: నిష్కారణంగా నవ్వడం, ఏడవడం, కేకలు వేయడం, పొంతన లేని మాటలు, కూర్చోవడం, లేవడం, పరుగెత్తడం, ఆడడం, పాడడం, ఒంటికి బూడిద, దుమ్ము పూసుకోవడం, గడ్డిపోచలు, వాడిన పూలు, చింకిపాతలు, కుండపెంకులు అలంకారాలుగా ధరించడం.

ఈ వరుస చదివినవారికి ఏదో ఒక తెలుగు సినిమా దృశ్యం కళ్ళ ముందు కదలక మానదు. చింపిరి జుట్టు, చినిగిన చొక్కా, వీధిలో పిల్లలు రాళ్ళు వేస్తుంటే పాట పాడే నాయకుడు. మన దర్శకులు భావాధ్యాయాన్ని చదివి ఇలా తీశారని నా వాదన కాదు. కూచిపూడి, యక్షగానం, వీధినాటకం, పద్యనాటకం అనే దారిలో ఈ ఆహార్యం, ఆంగికం తెర దాకా చేరి ఉండవచ్చునన్నది మాత్రం సహేతుకమైన ఊహ. తొలితరం నటులలో చాలామంది రంగస్థలం నుంచి వచ్చినవారే.

దీనికి తోడు, అలంకారికులు చెప్పిన దశ కామావస్థలలో కూడా ఉన్మాదం ఉంది. ఉద్వేగం, విలాపం దాటాక, వ్యాధి, జడత, మరణాలకు ముందు అది వస్తుంది. మన ప్రబంధాల విరహవర్ణనలన్నీ ఈ మెట్ల మీదుగా నడిచినవే. తెలుగు సాహిత్య విద్యార్థికి ఉన్మాదం పరిచయమయ్యేది చాలాసార్లు ఈ దారిలోనే. ఫలితంగా రెండు వేర్వేరు ఉన్మాదాలు, అంటే అనేక హేతువులు గల వ్యభిచారిభావమూ, ఒకే హేతువు గల విరహావస్థా, మన మనసులో ఒకటైపోయాయి. సినిమా వారసత్వంగా పొందింది ఈ రెండోదాన్ని అని నా అభిప్రాయం.

3. వియోగం: వేమన నుంచి నర్సు దాకా

కె.వి. రెడ్డి దర్శకత్వంలో చిత్తూరు వి. నాగయ్య నటించిన 'యోగి వేమన' (1947)లో అన్న కూతురు జ్యోతి మరణం వేమన జీవితాన్ని తలకిందులు చేస్తుంది. ఆ దుఃఖం లోకం దృష్టిలో పిచ్చి, కథ దృష్టిలో జ్ఞానానికి ద్వారం. ఆర్మూరులో ఉన్నవారికి ఈ తర్కం కొత్తది కాదు. పట్టణం మీద నిలిచిన రాతిగుట్టల్లో నవనాథ సిద్ధేశ్వరాలయం ఉంది. ఒంటికి భస్మం, ఒంటి మీద చింకిపాత, లోకానికి అర్థంకాని మాట అనే లక్షణాలే నాథసిద్ధుల సంప్రదాయంలో, అవధూతల కథలలో సిద్ధికి గుర్తులు. అంటే ఒకే అనుభావాలను మన సంస్కృతి రెండు విధాలుగా చదివింది. 'యోగి వేమన' ఆ రెండు పఠనాల మధ్య వంతెన. ఆ తరువాతి సాంఘిక చిత్రాలలో ఈ జ్ఞానం పక్క జారిపోయి, వియోగం ఒక్కటే మిగిలింది.

వేదాంతం రాఘవయ్య తీసిన 'దేవదాసు' (1953) పిచ్చివాడి కథ కాదు. అయినా దాన్ని ఇక్కడ వదిలివేయలేం. తాగుడును రోగంగా కాక విరహానికి బాహ్యరూపంగా చూడడం తెలుగు ప్రేక్షకుడికి బలంగా నేర్పింది ఆ చిత్రమే. దేవదాసు సీసా వెనుక పార్వతి ఉంది కనుక ప్రేక్షకుడు అతన్ని క్షమించాడు, ప్రేమించాడు, అనుకరించాడు కూడా. పసుపు ఉడకబెట్టే బట్టీ దగ్గర రోజంతా ఆవిరిలో నిలబడి సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్ళే కూలి వెనుక పార్వతి లేదు. అతని తాగుడుకు మన కథల్లో చోటు దొరకకపోవడానికి కారణం ఇదేనేమో.

ఇక ఈ వ్యాసానికి కేంద్రమనదగిన చిత్రం గుత్తా రామినీడు దర్శకత్వం వహించిన 'చివరకు మిగిలేది' (1960). బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. అశుతోష్ ముఖోపాధ్యాయ బెంగాలీ కథ ఆధారంగా అసిత్ సేన్ తీసిన 'దీప్ జ్వేలే జాయ్' (1959) దీనికి మూలం. సుచిత్రా సేన్ చేసిన పాత్రను తెలుగులో సావిత్రి చేశారు. మానసిక చికిత్సాలయంలో ఒక వైద్యుడు కొత్త చికిత్సను ప్రయోగిస్తాడు. ప్రేమలో దెబ్బతిన్న రోగికి నర్సు ప్రేమను నటించి అతని మనసును తిరిగి నిలబెట్టాలి. రోగి కోలుకుంటాడు, వెళ్ళిపోతాడు. నటన అని తెలిసినా తన మనసు నిజంగానే ఇచ్చిన నర్సు చివరికి అదే చికిత్సాలయంలో రోగిగా మిగులుతుంది. ఉస్మానియాలో వైద్యం చదివిన ఎం. ప్రభాకరరెడ్డి ఈ చిత్రంతోనే వెండితెరకు పరిచయమయ్యారన్నది ఒక ఆసక్తికరమైన యాదృచ్ఛికం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది: పారిస్‌లో మనోవైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మతిభ్రమణ రోగులకు వాడి ఫలితం చూసినది 1952లో. 'చివరకు మిగిలేది' వచ్చేనాటికి ఆ సంగతికి ఎనిమిదేళ్ళు. ప్రపంచమంతటా చికిత్సాలయాల తీరు ఆ మందుతో మారుతున్న సమయంలోనే తెర మీద చికిత్స ప్రేమగా మారింది. వియోగం వల్ల వచ్చిన రోగానికి సంయోగమే మందు అనేది అలంకారశాస్త్ర తర్కం, వైద్యశాస్త్ర తర్కం కాదు. రెండవది: ఈ చిత్రం తాను నిలబడిన తర్కాన్ని తానే ప్రశ్నించింది. ప్రేమే మందు అయితే ఆ మందు తయారు చేసే మనిషి ఏమవుతుంది అన్న ప్రశ్న సావిత్రి ముఖంలో చివరికి నిలుస్తుంది. తెలుగులో ఉన్మాదం మీద వచ్చిన చిత్రాలలో ఇంత నిజాయితీ ఉన్నవి కొద్ది. అదే 1960లో హిచ్‌కాక్ 'సైకో' విడుదలైంది. అక్కడ చివర ఒక మనోవైద్యుడు వచ్చి హంతకుడి మనసును విడమరచి చెప్పి ప్రేక్షకుడిని ఊరడించి పంపుతాడు. మన చిత్రంలో ఆ ఊరడింపు లేదు.

కె. ప్రత్యగాత్మ 'పునర్జన్మ' (1963) ఇదే సూత్రాన్ని ఆసుపత్రి నుంచి ఇంటిలోకి తెచ్చింది. ప్రేమలో దెబ్బతిని మతి తప్పిన సంపన్నుల బిడ్డగా అక్కినేని నాగేశ్వరరావు, అతనికి భార్యగా నటించడానికి తెచ్చిన నర్తకిగా కృష్ణకుమారి. గుల్షన్ నందా కథ ఇది. హిందీలో 1970లో 'ఖిలోనా'గా వచ్చింది. ఆ హిందీ పేరుకు బొమ్మ అని అర్థం. ఆటవస్తువు ఎవరన్నది ఆ పేరే చెబుతోంది. నర్సుకు జీతమైనా ఉంది, ఈమెకు ఆ ఇంట్లో స్థానమేమిటో కూడా తెలియదు. మతి తప్పిన మగవాడి బాగు కోసం ఒక స్త్రీ తన పరువును, దేహాన్ని పణంగా పెట్టడాన్ని త్యాగంగా చూపే ధోరణి ఇక్కడ స్థిరపడింది. "పెండ్లి జేస్తే అదే కుదురుతది" అనే మాట పల్లెల్లో ఇప్పటికీ వినబడుతోంది. ఆ మాట సినిమా పుట్టించింది కాదు, సినిమాకు ముందునుంచీ ఉన్నదే. దానికి అందమైన ముఖం ఇచ్చింది మాత్రం ఈ చిత్రాలే.

4. అభిఘాతం

తలకు దెబ్బ తగిలి మతి పోవడం, మళ్ళీ దెబ్బ తగిలి రావడం హాస్యానికి పనికివచ్చినంతగా విషాదానికి పనికిరాలేదు. దానికి మినహాయింపుగా రెండు చిత్రాలు చెప్పవచ్చు. బాలు మహేంద్ర తమిళ చిత్రం 'మూండ్రాం పిరై' (1982) తెలుగులో 'వసంత కోకిల'గా వచ్చింది. ప్రమాదంలో గాయపడి బాల్యంలోకి జారిపోయిన యువతిగా శ్రీదేవి, ఆమెను కాపాడిన ఉపాధ్యాయుడిగా కమల్ హాసన్. మతి తిరిగివచ్చాక ఆమెకు అతను ఎవరో తెలియదు. రైల్వే స్టేషన్‌లో తనను గుర్తుచేయడానికి అతను వేసే కోతిచేష్టలు ఆమెకు పిచ్చివాడి చేష్టలుగా తోస్తాయి. పిచ్చి అనేది చేష్టలో లేదు, చూసేవారి జ్ఞాపకంలో ఉందని ఆ ఒక్క దృశ్యం చెప్పినంత బలంగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు.

రెండవది బాలా తీసిన 'సేతు' (1999)కు పునర్నిర్మాణంగా జీవిత దర్శకత్వంలో రాజశేఖర్ నటించిన 'శేషు' (2002). నాయకుడి తలకు తగిలిన దెబ్బతో అతన్ని గొలుసులతో బంధించే ఒక మఠం వంటి చోటికి చేరుస్తారు. అక్కడే మతి కుదుటపడి, తప్పించుకుని వస్తాడు. తాను ప్రేమించిన అమ్మాయి అప్పటికే మరణించి ఉంటుంది. అతను తనంతట తానే తిరిగి ఆ గొలుసుల దగ్గరికే వెళ్ళిపోతాడు. అంటే అభిఘాతంతో మొదలైన కథ వియోగంతో ముగిసింది. గొలుసు అనేది ప్రేక్షకుడికి శోకానికి సంకేతంగానే మిగిలింది.

'సేతు', 'శేషు' మధ్య కాలంలో, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు ఆశ్రయ గృహంలో నిప్పు అంటుకుని 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. గొలుసులతో కట్టి ఉండడం వల్ల వారు పరుగెత్తలేకపోయారు. ఆ ఘటన తరువాత ఏడాదికి వచ్చిన తెలుగు చిత్రంలో అదే గొలుసు ప్రేమకు అలంకారంగా కనిపించడం ఇప్పుడు చూస్తే ఇబ్బంది కలిగిస్తుంది. గొలుసులతో బంధించడాన్ని, మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని నిషేధిస్తూ స్పష్టమైన చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 95వ సెక్షన్ రూపంలో వచ్చి, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఆసుపత్రిలో చేసే విద్యుత్ చికిత్స అన్నా, సినిమాలో విలన్ ఆజ్ఞతో కణతలకు తగిలించే తీగలన్నా మన జనానికి ఒకటే 'షాక్ ట్రీట్‌మెంట్'. వైద్యుడు చెప్పగానే బంధువులు రోగిని ఇంటికి తీసుకుపోవడానికి ఈ ఒక్క మాట చాలు.

5. మూసిన గది

2005 తెలుగు ప్రేక్షకుడికి ఉన్మాద నామ సంవత్సరం అనవచ్చు. ఏప్రిల్‌లో 'చంద్రముఖి', జూన్‌లో 'అపరిచితుడు'. రెండూ తమిళం నుంచి అనువాదాలే.

'చంద్రముఖి'కి మూలం ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళు' (1993). ఒక గృహిణి తనలో ఒక మృత నర్తకిని మోస్తుంది, మనోవైద్యుడు భూతవైద్యుడి సహాయంతో ఒక నాటకం ఆడి ఆమెను బయటికి తెస్తాడు. ఈ కథలో తెలుగువారు గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. మలయాళ చిత్రంలో ఆమెలోని నర్తకి తమిళం మాట్లాడుతుంది. తమిళ చిత్రంలో తెలుగు పాడుతుంది. తెలుగు అనువాదంలో తమిళం పాడుతుంది. ప్రతి భాషా తన ఉన్మాదాన్ని పొరుగుభాషకు అప్పగించింది. మనకు సగం అర్థమై సగం అర్థంకాని భాషలో మాట్లాడేదే పిచ్చి అన్నమాట. మా విద్యార్థులు నవ్వింది కూడా బహుశా అందుకే. ఎక్కడిదో నర్తకి, ఎక్కడిదో మేడ. ఆర్మూరు మాటలో, ఆర్మూరు గొంతుతో పిచ్చి మాట్లాడితే నవ్వు రాదు.

ఈ చిత్రాలలో చికిత్సకూ ఒక పద్ధతి ఉంది. రోగం కథ నుంచి వచ్చింది కనుక కథతోనే పోవాలి. మూసిన గది తెరవాలి, పాత రాజును చంపినట్టు నర్తకిని నమ్మించాలి, అంతే, మరునాటి నుంచి గృహిణి మామూలే. మాత్రలు లేవు, మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి రావడం లేదు, సగం కుదిరి సగం కుదరని రోజులు లేవు.

శంకర్ 'అపరిచితుడు' మరో అడుగు వేసింది. తనలో మూడు వ్యక్తిత్వాలున్న నాయకుడు గరుడపురాణ శిక్షలతో హత్యలు చేస్తాడు. రోగనిర్ధారణ ఉంది, వైద్యుడున్నాడు, న్యాయస్థానం అతన్ని చికిత్సకు పంపుతుంది కూడా. కాని చివరలో చికిత్స ముగించుకుని వచ్చినవాడు మళ్ళీ చంపుతాడు, ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. వ్యాధి తగ్గకపోవడమే ఆ కథలో విజయం. 'ఎర్ర గులాబీలు'గా తెలుగులోకి వచ్చిన భారతిరాజా 'సిగప్పు రోజాక్కళ్' (1978) కాలం నుంచి ఉన్న సమీకరణం ఇది: మనసు చీకటైతే చేతిలో కత్తి ఉంటుంది. చప్పట్లకు అర్హమైన కత్తా, కాదా అన్నదే తేడా. ఈ సమీకరణమే అన్నిటికన్నా ఎక్కువ హాని చేసిందని నేను భావిస్తాను. నేను చూసిన రోగులలో ఎక్కువమంది ఎవరినీ కొట్టినవారు కారు, కొట్టించుకున్నవారు.

సుకుమార్ '1: నేనొక్కడినే' (2014) మెదడులో గ్రే మేటర్ లోపించిందని వైద్యులు చెప్పిన నాయకుడితో మొదలవుతుంది. తెలుగు తెర మీద నాలుగో హేతువు నాయకపాత్రకు దక్కిన అరుదైన సందర్భం. తీరా చూస్తే అతని పీడకలలన్నీ నిజంగా జరిగినవే, తల్లిదండ్రుల హంతకులు నిజంగానే ఉన్నారు. దేహం మళ్ళీ పక్కకు తప్పుకుని సంఘటనకు చోటిచ్చింది.

6. ఎర్రగడ్డ అనే మాట

నిజాం రాష్ట్రంలో జాల్నాలో ఉండిన మానసిక చికిత్సాలయం 1953లో హైదరాబాదుకు తరలివచ్చి ఎర్రగడ్డలో స్థిరపడింది. 'దేవదాసు' వచ్చిన ఏడాదే. ఎన్.టి. రామారావు సొంత సంస్థ తొలి చిత్రం 'పిచ్చి పుల్లయ్య' వచ్చినదీ ఆ ఏడాదే, అందులో పిచ్చి అంటే లోకం తెలియని మంచితనం. ఈ అర్థమే మూడు దశాబ్దాల తరువాత కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' (1986)లో మరింత పండింది. అమాయకత్వాన్ని, మందబుద్ధిని, మతిభ్రమణాన్ని ఒకే మాటతో పిలిచే మన భాషకు ఆ రెండు చిత్రాలూ సాక్ష్యం.

ఎర్రగడ్డ మాత్రం ఊరి పేరుగా నిలవలేదు. మన హాస్య సన్నివేశాలలో అదొక తిట్టు, "ఎర్రగడ్డకు పంపిస్తా" అంటే నవ్వు. 'మెంటల్ కృష్ణ' (2009) వంటి పేర్లు గోడల మీద పడినప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు. 2019లో 'మెంటల్ హై క్యా' అనే హిందీ చిత్రం మనోవైద్యుల సంఘం అభ్యంతరంతో పేరు మార్చుకుంది. ఈ హాస్యానికి మూల్యం చెల్లించేది తెర మీద ఎవరూ కారు. ఆర్మూరు నుంచి ఎర్రగడ్డకు బస్సు ఎక్కే తల్లి, పక్క సీటువారు అడిగితే "నిమ్స్‌కు పోతున్నం" అంటుంది.

7. 2015

నిజామాబాదు జిల్లా పల్లెల్లో కల్లు రెండు రకాలు. చెట్టు కల్లు ఒకటి, మందు కల్లు ఒకటి. తాగేవారు ఎక్కువ, ఈత, తాటి చెట్లు తక్కువ. ఆ లోటును క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం పూడ్చాయి. ఇవి మత్తుమందులు, వీటిలో చివరి రెండూ వైద్యులు ఆందోళనకు, నిద్రలేమికి కొద్ది రోజుల పాటు ఇచ్చే మాత్రల జాతి. బీడీలు చుట్టే స్త్రీలు, పసుపు తవ్వే కూలీలు, కొడుకులు గల్ఫ్‌కు వెళ్ళిన ముసలివారు ఏళ్ళ తరబడి తమకు తెలియకుండానే రోజూ ఈ మాత్రలు మింగారు.

2015 సెప్టెంబరు ప్రాంతంలో కల్తీపై ప్రభుత్వం కఠినంగా వ్యవహరించినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులకు జనం వరుస కట్టారు. వణుకు, మూర్ఛలు, నిద్రలేమి, లేని మనుషులు కనిపించడం, పొంతన లేని మాటలు. కొందరిని ఎర్రగడ్డకు పంపారు. ఈ మందులను ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుందని, కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలని ఏ మనోవైద్యుడైనా చెబుతాడు. దాన్ని వాతప్రకోపమన్నా, మరో పేరు పెట్టినా, ఇది అచ్చంగా నాలుగో హేతువు. అనుభావాలు భరతుడివే, విభావం మాత్రం కల్లు సీసాలో ఉంది.

తరగతిలో ప్రశ్న అడిగిన విద్యార్థిని తరువాత చెప్పింది: ఊళ్ళో మొదటి రోజు అందరూ అడిగినది "ఏం మనాది పెట్టుకున్నది?" అని. మనాది అంటే మా ప్రాంతంలో మనోవ్యాధి, బెంగ. ముసలామె దుబాయిలో ఉన్న కొడుకు కోసం బెంగపెట్టుకున్నదని తేల్చారు. కొడుకుకు ఫోను చేశారు. రెండు రోజులు ఆ కథ మీద గడిచాయి. మూడో రోజు మూర్ఛ వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అప్పుడు పక్క మంచాల మీద మరో నలుగురు అలాంటివారే కనబడితే గాని, అది కొడుకు మీది బెంగ కాదని ఇంట్లోవారికి తెలియలేదు.

కథ కోసం వెతకడంలో పోయిన ఆ రెండు రోజులే ఈ వ్యాసానికి ప్రాణం. కల్లు విషయంలో రెండు రోజులు. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధిలో ఇదే వెతుకులాట ఏళ్ళు తీసుకుంటుంది. ఇరవై ఏళ్ళ యువకుడు గదిలోంచి బయటికి రావడం మానేస్తే, "ఎవరన్న పిల్ల మోసం జేసిందా" అని మొదట అడిగేది అతని స్నేహితులే. వాళ్ళు చూసిన సినిమాల్లో కారణం ఎప్పుడూ అదే. పిల్ల దొరకకపోతే ఎవరో చేతబడి చేశారంటారు, అదీ తేలకపోతే పెండ్లి చేస్తారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని కేంద్రప్రభుత్వం 1996లో మొదట నాలుగు జిల్లాల్లో ప్రారంభించినప్పుడు అందులో మాకు ఆనుకుని ఉన్న మెదక్ ఒకటి. అంటే వైద్యం మరీ అంత దూరాన ఉన్నది కాదు. దాని దాకా నడిపించే ప్రశ్నే మన దగ్గర లేకపోయింది.

8. ఒక రాత్రి

2018లో రెండు తెలుగు చిత్రాలు ఈ చరిత్రను కొంత కదిలించాయి. ప్రశాంత్ వర్మ 'అ!' ఒక స్త్రీ మనసునే హోటలుగా చేసి అందులో పాత్రలను కూర్చోబెట్టింది. అది ధైర్యమైన ప్రయోగం. అయినా అందులోనూ మనసు ఛేదించవలసిన పొడుపుకథే.

రెండవది రాహుల్ రవీంద్రన్ 'చి.ల.సౌ.'. ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లేకు జాతీయ పురస్కారం పొందింది. ఒక రాత్రి జరిగే పెళ్ళిచూపుల కథ. అమ్మాయి తల్లికి బైపోలార్ వ్యాధి. రోహిణి ఆ తల్లి పాత్ర చేశారు. ఈమె హంతకురాలు కాదు, నర్తకి కాదు, నవ్వించే పిచ్చిది కాదు. ఆమెకు రోగం ఎందుకు వచ్చిందో చెప్పడానికి చిత్రం ఆగదు. గతంలోకి వెళ్ళి ఒక మూసిన గదిని తెరవదు. పాట పాడితే తగ్గదు. రోగం ఉంది, మందులున్నాయి, కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని రాత్రులు ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. ఇంటి బాధ్యత మోసే కూతురికి తన తల్లి సంగతి పెళ్ళికొడుకుకు చెప్పడమే పెద్ద పరీక్ష. భావాధ్యాయంలోని చివరి హేతువును తెలుగు సినిమా ఏ అలంకారం లేకుండా చూపిన చిత్రం, నేను చూసినంతలో, ఇదే.

ఈ చిత్రాన్ని మా తరగతిలో చూపించాను. విశ్రాంతి వేళకే సగం మంది వెళ్ళిపోయారు. ట్విస్టు లేదన్నారు. చివరి బల్ల దగ్గరి అమ్మాయి మాత్రం చివరిదాకా కూర్చుంది. వెళ్ళేటప్పుడు, ఆ తల్లి వేసుకునే మాత్రలు నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఇస్తారా అని అడిగింది. ఎవరి కోసమని నేను అడగలేదు.